స్క్రీన్ నల్లబడింది.. ఖాతా మాత్రం భద్రం!

రాత్రి పదకొండున్నర. లాప్‌టాప్ నిండా తెల్ల అక్షరాలు. వాటి చివర 'కెర్నెల్ పానిక్' అని ఒక లైను. పవర్ బటన్ నొక్కి ఆపేశా. మళ్లీ ఆన్ చేశా. మళ్లీ అదే. మూడోసారీ అదే.

పక్క గదిలో నాన్న నిద్రపోతున్నారు. ఆయన ఎరువుల కొట్టు అరువు లెక్క మొత్తం ఆ లాప్‌టాప్‌లోనే ఉంది. 163 మంది రైతులు. ఎవరు ఎన్ని యూరియా బస్తాలు తీసుకెళ్లారు, ఎంత కట్టారు, ఇంకా ఎంత కట్టాలి.. రెండేళ్ల లెక్క. ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునే మనిషిని 'ఇంకా ఈ పుస్తకాలేంటి నాన్నా, దండగ' అని మాన్పించింది నేనే. మరి ఇంకో కాపీ ఎక్కడుంది అంటారా? ఎక్కడా లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

తప్పు ఎక్కడ జరిగిందంటే..

మాది గుంటూరు దగ్గర చిన్న టౌను. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నాన్న నాకో సెకండ్‌హ్యాండ్ గేమింగ్ లాప్‌టాప్ కొనిచ్చారు. రెండేళ్లకే అది నత్తలా తయారైంది. హాస్టల్లో సీనియర్ అక్క ఒకామె అందులో ఉబుంటు వేసిచ్చింది. ఉచితం, పైగా పాత మిషన్‌లో కూడా చక్కగా నడుస్తుంది. అప్పట్నుంచి నేను లైనక్స్ మనిషినే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, నాలాగా పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

ఉబుంటులో ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది. 2022లో 22.04, 2024లో 24.04. నాది 22.04. 'కొత్త వెర్షన్ ఉంది, అప్‌గ్రేడ్ చేసుకుంటారా' అని అది చాలా రోజులుగా అడుగుతోంది. ఆ రాత్రి తొమ్మిదింటికి సరే అని నొక్కేశా.

పదింపావుకి కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకే. లాప్‌టాప్ బ్యాటరీ చూస్తే ముసలిది, ఇరవై నిమిషాలు కూడా ఆగదు. అప్‌గ్రేడ్ సగంలో ఉండగానే మిషన్ ఆరిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే పైన చెప్పిన సీను. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. తొందర నాది.

'ఫార్మాట్ కొట్టేద్దాం'

పొద్దున్నే నాన్నతో 'చార్జర్ ప్రాబ్లం నాన్నా, బాగు చేయించుకొస్తా' అని అబద్ధం చెప్పి, టౌన్లో ఓ రిపేరు షాపుకి తీసుకెళ్లా. ఆయన ఆన్ చేసి చూసి, అర నిమిషంలో తేల్చేశాడు.

"ఓఎస్ పోయింది. ఫార్మాట్ కొట్టేద్దాం. ఆరొందలు అవుద్ది. సాయంత్రం రండి."

"మరి డేటా?"

"ఫార్మాట్ అంటే డేటా ఏం ఉంటుందమ్మా?"

జూన్ నెల. ఖరీఫ్ మొదలైంది. కొట్టు ముందు రైతులు నిలబడే రోజులు. ఏదో ఒకటి త్వరగా అయిపోతే చాలని 'సరే' అనబోయా కూడా. ఒక్క నిమిషం ఆగమని బయటికొచ్చి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ సీనియర్ అక్కకి ఫోన్ చేశా. జరిగింది విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఏడుపు తర్వాత. ముందు అది ఎక్కడ ఆగిందో చెప్పు."

ఏ స్టేషన్‌లో ఆగింది?

గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు ఆగిపోయిందనుకోండి. నడికుడిలో ఆగిందా, మిర్యాలగూడలో ఆగిందా, నల్లగొండలోనా అని తెలిస్తేనే ఎవరిని పంపాలో తెలుస్తుంది. లాప్‌టాప్ ఆన్ అవ్వడం కూడా అంతే అని అక్క చెప్పింది. దానికి నాలుగు స్టేషన్లు.

మొదటిది, కంపెనీ లోగో. ఇది కూడా రాకపోతే అది లైనక్స్ గొడవ కాదు. ర్యామ్, చార్జర్, స్క్రీన్ లాంటి హార్డ్‌వేర్ సంగతి చూసుకోవాలి.

రెండోది గ్రబ్. ఏ సిస్టమ్‌ని, ఏ కెర్నెల్‌తో లేపాలో ఎంచుకునే మెనూ. మామూలుగా కనపడకుండా దాటిపోతుంది.

మూడోది కెర్నెల్. లైనక్స్ గుండెకాయ ఇదే. డిస్క్ తెరిచి మిగతా అందర్నీ నిద్ర లేపేది ఇదే.

నాలుగోది డిస్‌ప్లే. గ్రాఫిక్స్ డ్రైవర్, లాగిన్ స్క్రీన్, డెస్క్‌టాప్. ఉబుంటు లోగో వచ్చి, ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతే చాలాసార్లు సమస్య ఇక్కడే. లోపల సిస్టమ్ బతికే ఉంటుంది, మనకి కనపడదంతే.

నాది మూడో స్టేషన్‌లో ఆగింది. స్క్రీన్ ఫొటో తీసి అక్కకి పంపా. అందులో 'అనేబుల్ టు మౌంట్ రూట్' అనే ముక్క చూసి ఆమె పట్టేసింది. "కొత్త కెర్నెల్ వచ్చింది కానీ దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారవకముందే కరెంటు పోయినట్టుంది" అంది.

పేరు చూసి భయపడకండి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్క్ తెరవడానికి కావాల్సిన డ్రైవర్లు మూటగట్టిన చిన్న ఫైలు. ఇంటి తాళంచెవి అనుకోండి. కెర్నెల్ గుమ్మం దాకా వచ్చింది. చేతిలో తాళంచెవి లేదు. లోపల సామాను ఎక్కడిదక్కడే ఉంది.

"అంటే ఖాతా పోలేదా అక్కా?"

"తలుపు తెరుచుకోకపోతే ఇల్లు కూల్చేస్తారటే? వెళ్లి లాప్‌టాప్ తెచ్చుకో."

లోపలికెళ్లి లాప్‌టాప్ తీసుకున్నా. షాపాయన నా వంక అదోలా చూశాడు.

ముందు ఫైళ్లు.. తర్వాతే రిపేరు

ఇంటికొచ్చాక నేను నేరుగా రిపేరు మొదలెట్టబోతే అక్క ఆపేసింది. ముందు ఖాతా ఫైలు బయటికి తియ్యాలి. ఆ తర్వాత సిస్టమ్ ఏమైనా పర్లేదు. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసం మీరు చదివినందుకు ఫలితం దక్కినట్టే.

దానికి లైవ్ పెన్‌డ్రైవ్ కావాలి. అంటే లోపలి డిస్క్‌ని ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడపడం. ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేదు. 'ఫోన్ ఉంది కదా' అంది అక్క.

నిజంగా ఫోన్‌తోనే అయింది! ఆండ్రాయిడ్‌లో ఎచ్‌డ్రాయిడ్ అని ఓ ఉచిత యాప్ ఉంది. ఉబుంటు సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు ఫోన్‌లోకి దించుకుని, ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్ తగిలించి, ఈ యాప్‌తో రాసేయొచ్చు. ఫోన్ రూట్ చేయక్కర్లేదు. ఐఎస్ఓ సైజు ఆరు జీబీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి రోజుకి రెండు జీబీ ప్యాకుతో కుదరదు. నేను పిన్ని వాళ్లింటికెళ్లి వాళ్ల వైఫైలో దించుకున్నా. పెన్‌డ్రైవ్ కనీసం ఎనిమిది జీబీది ఉండాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కాబట్టి పెళ్లి ఫొటోల పెన్‌డ్రైవ్ తియ్యకండి.

లాప్‌టాప్‌కి దాన్ని పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, ఎస్కేప్.. కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవాలి. తర్వాత 'ఇన్‌స్టాల్' జోలికి పోకుండా 'ట్రై ఉబుంటు' నొక్కాలి. ఇక్కడ తప్పు నొక్కితే షాపాయన చేస్తానన్న పనే మనం చేసినట్టు.

డెస్క్‌టాప్ వచ్చింది. ఫైల్స్ తెరిచా. ఎడమవైపు నా డిస్క్ కనపడింది. అందులో హోమ్, హోమ్‌లో నా పేరు, డాక్యుమెంట్స్, 'నాన్న కొట్టు ఖాతా'.

తెరిచి చూశా. 163 పేర్లూ ఉన్నాయి.

ఆ ఫైలుని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, ఆన్‌లైన్ డ్రైవ్‌లోకి ఒకటి, నాకు నేనే మెయిల్‌లో ఒకటి.. మూడు చోట్ల పెట్టా. అప్పుడు లేచి అన్నం తిన్నా. అప్పటికి మధ్యాహ్నం మూడయింది.

పాత కెర్నెల్ మనవైపే ఉంటుంది

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కొత్త కెర్నెల్ వచ్చినా ఉబుంటు వెంటనే పాతదాన్ని తీసెయ్యదు. ఇలాంటి రోజు కోసమే ఉంచుతుంది.

లాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ లోగో కనపడగానే ఎస్కేప్ కీ ఒకసారి నొక్కా. మరీ పాత మిషన్లలో అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. గ్రబ్ మెనూ వచ్చింది. కంగారులో నాలుగైదుసార్లు నొక్కితే మెనూ బదులు ఖాళీ 'గ్రబ్' ప్రాంప్ట్ వస్తుంది. వస్తే భయం లేదు, ఆపేసి మళ్లీ మొదలెట్టండి.

అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్తే కెర్నెళ్ల వరస ఉంటుంది. పెద్ద నంబరు కొత్తది, చిన్న నంబరు పాతది. ఒక్కోదానికీ రికవరీ మోడ్ అని ఇంకో లైను కూడా ఉంటుంది. నేను పాత నంబరు రికవరీ మోడ్ ఎంచుకున్నా.

అది లేచింది! నీలం, బూడిద రంగుల్లో ఓ సాదా మెనూ. అక్క చెప్పిన వరసలో వెళ్లా. మొదట ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేశా, ఎందుకంటే ఈ మోడ్‌లో వైఫై పనిచేస్తుందన్న నమ్మకం లేదు. తర్వాత మెనూలో 'నెట్‌వర్క్' లైను. దాని తర్వాత 'డీపీకేజీ' లైను. సగంలో ఆగిపోయిన ప్యాకేజీలని పట్టుకొచ్చి పూర్తి చేసేది ఇదే. కమాండ్లు టైప్ చేసే పని కూడా లేదు.

ముప్పావుగంట లైన్లు పరిగెత్తాయి. ఈసారి నేను కరెంటుని నమ్మలేదు. ఇన్వర్టర్‌కి ఫ్యాన్ తీసేసి లాప్‌టాప్ చార్జర్ పెట్టా. అమ్మ విసనకర్ర పట్టుకుని 'ఎంతసేపే' అంటూ కూర్చుంది.

మధ్యలో 'సెక్యూర్ బూట్ కోసం ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి' అని అడిగింది. ఎందుకో అర్థం కాకపోయినా ఏదో ఒకటి పెట్టేశా. చివరికి 'గ్రబ్' లైను కూడా ఒకసారి నడిపి, రీస్టార్ట్ కొట్టా.

నీలం తెర.. పది సెకన్లు

రీస్టార్ట్ అవుతూనే తెరంతా నీలంగా వచ్చింది. ఏదో ఇంగ్లీషులో రాసి, పది నుంచి కిందికి అంకెలు లెక్కపెడుతోంది. మళ్లీ ఏదో చెడిందనుకుని చేతులు వెనక్కి తీసేసుకున్నా. పది సెకన్లు అయిపోయాయి. నీలం తెర పోయింది. ఉబుంటు లోగో వచ్చింది.. ఆ తర్వాత నలుపు. మూలన ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. అంతే.

అక్కకి ఫోన్.

"మంచిదే. మూడో స్టేషన్ దాటావు. ఇప్పుడు నాలుగో స్టేషన్. ఇంతకీ ఆ నీలం తెర దగ్గర ఏం చేశావు?"

"ఏం చెయ్యలా. భయమేసింది."

ఆమె పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సంగతేంటంటే, ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కి కావాల్సిన డ్రైవర్లు కెర్నెల్‌తో పాటే వస్తాయి. కొన్ని గేమింగ్ కార్డులకి మాత్రం కంపెనీ ఇచ్చే డ్రైవర్ విడిగా వేసుకుంటాం. కెర్నెల్ మారినప్పుడల్లా దానికి సరిపోయేలా ఆ డ్రైవర్ ముక్క మళ్లీ తయారవ్వాలి. నా లాప్‌టాప్ దాన్ని తనలోనే తయారు చేసుకుంది. కానీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం తెలియని డ్రైవర్‌ని లోపలికి రానివ్వరు. మా నాన్న కొత్త రైతుకి అరువిచ్చే ముందు 'నీకు పూచీ ఎవరయ్యా' అని అడుగుతారే, అచ్చం అలాగే. ఆ నీలం తెర అడిగింది అదే. 'ఈ డ్రైవర్‌కి నువ్వు పూచీ ఉంటావా?' కీబోర్డు ముందు కూర్చున్న మనిషి పది సెకన్లలో జవాబు చెప్పాలి. నేను చెప్పలేదు. డ్రైవర్ గుమ్మం బయటే ఉండిపోయింది.

ఇప్పుడు తెర నల్లగా ఉంటే సరిచేసేదెలా? గ్రబ్ మెనూలో ఉబుంటు లైను మీద నిలబడి కీబోర్డులో 'ఈ' అక్షరం నొక్కా. వచ్చిన దాంట్లో 'లైనక్స్' అని మొదలయ్యే లైను ఒకటుంటుంది. దాని చివర 'క్వైట్ స్ప్లాష్' అనే మాటల పక్కన ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' అని ఇంగ్లీషులో కలిపి టైప్ చేసి, ఎఫ్10 నొక్కా. అంటే 'గ్రాఫిక్స్ డ్రైవర్ల సంగతి వదిలేసి, ఉన్నంతలో బొమ్మ చూపించు' అని చెప్పడం. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. తర్వాతి బూట్‌కి దానంతటదే పోతుంది కాబట్టి భయపడక్కర్లేదు.

డెస్క్‌టాప్ వచ్చింది. అక్షరాలు బూరెలంత ఉన్నాయి. కొట్లో నాన్న కోసం పెట్టిన పెద్ద మానిటర్‌కి తగిలిస్తే అది అసలు వెలగలేదు. గేమింగ్ లాప్‌టాప్‌లు చాలావాటిలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఆ విడి గ్రాఫిక్స్ కార్డుకే కలిపి ఉంటుంది. డ్రైవర్ లేకపోతే రెండో తెర రాదు. నాన్నకి లాప్‌టాప్ చిన్న అక్షరాలు కనపడవు. కాబట్టి సగం బాగుపడితే మాకు సరిపోదు.

టెర్మినల్ తెరిచి, అక్క చెప్పినట్టు 'మోక్‌యుటిల్' అనే కమాండ్‌తో ఆ పూచీకత్తు అడిగే పని మళ్లీ పెట్టించా. పాస్‌వర్డ్ ఈసారి కాయితం మీద రాసుకున్నా. రీస్టార్ట్. నీలం తెర. వెంటనే ఒక కీ నొక్కా. 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్', పాస్‌వర్డ్, 'రీబూట్'. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనపడదు. అయినా కొట్టుకుంటూ పోవాలి.

లోగో.. లాగిన్.. డెస్క్‌టాప్. పక్కన పెద్ద మానిటర్ కూడా వెలిగింది. టైమ్ చూస్తే రాత్రి ఎనిమిదిన్నర.

మీకూ నల్ల తెర వస్తే

కంపెనీ లోగో దాకా వచ్చిందా, గ్రబ్ దాకానా, ఉబుంటు లోగో దాకానా అని ముందు చూడండి. ఎర్రర్ ఉంటే ఫొటో తీయండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు 'ఆన్ అవ్వట్లేదు' అనే మాట కంటే ఆ ఫొటోయే వందరెట్లు పనికొస్తుంది.

తెర నల్లగా ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాలతో లాగిన్ అడిగిందా? సిస్టమ్ లేచినట్టే. చెడింది డిస్‌ప్లే మాత్రమే.

లాగిన్ స్క్రీన్ వచ్చి, పాస్‌వర్డ్ కొట్టాక మళ్లీ అక్కడికే వస్తోందా? లేక తెర మినుకుతోందా? పేరు నొక్కాక కింద కుడిమూలన పళ్లచక్రం గుర్తు ఉంటుంది. అందులో 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' ఎంచుకుని చూడండి. ఇది 22.04, 24.04 రెండింటిలోనూ ఉంది.

'సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలా' అని కొందరు చెప్తారు. పనవ్వొచ్చు. కానీ అదే లాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉండి, దానికి బిట్‌లాకర్ వేసి ఉంటే, తర్వాత అది రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో ఉంటేనే ఆ పని చేయండి.

డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకి లైవ్ పెన్‌డ్రైవ్‌లో కూడా ఆ పాస్‌ఫ్రేజ్ కావాల్సిందే. అది మర్చిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

అప్‌గ్రేడ్ నొక్కే ముందు

లైవ్ పెన్‌డ్రైవ్ ముందే తయారు చేసుకోండి. కొత్త వెర్షన్‌ని దాంట్లోనే ఒకసారి నడిపి వైఫై, సౌండ్, స్క్రీన్ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. డిస్క్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి. ఫైళ్లు కనీసం రెండు చోట్ల పెట్టండి. టైమ్‌షిఫ్ట్ అనే టూల్ సిస్టమ్‌ని వెనక్కి తిప్పడానికి బాగా పనికొస్తుంది. కానీ మామూలు సెట్టింగ్‌లో అది మన సొంత ఫైళ్లని కాపీ తియ్యదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఇక కరెంటు సంగతి.. నేను చెప్పక్కర్లేదుగా?

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకి జరిగిందంతా చెప్పేశా. చార్జర్ అబద్ధంతో సహా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని, "మొత్తానికి లెక్క ఉందిగా?" అన్నారు.

"ఉంది నాన్నా. ఇప్పుడు నాలుగు చోట్ల ఉంది."

"అయితే ఐదో చోట కూడా పెడదాం" అని లేచి బీరువా తెరిచారు. లోపల కొత్త ఎర్ర అట్ట పుస్తకం ఉంది. ఎప్పుడు కొన్నారో తెలియదు. "దీనికి కరెంటు అక్కర్లేదు కదమ్మా" అన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం మేమిద్దరం కూర్చుంటాం. నేను మానిటర్ చూసి బాకీలు చదువుతా, ఆయన పుస్తకంలో రాస్తారు. మొన్న రెండింటికీ పన్నెండొందల తేడా వచ్చింది. తప్పు నా ఎంట్రీలోనే ఉంది.